ఓడాయన తోకల కోటు

ఓడాయన పోయాడని పోయిన వారం కర్నూలు బస్టాండులో తెలిసింది. వేంపల్లె నుంచి శనక్కాయల బేరానికి వచ్చిన ఆయన తమ్ముడి కొడుకు కనబడి చెప్పాడు. మనిషి పోయాడంటే అయ్యో అనడం మర్యాద. నాకు ఆ మాట నోటికి రాలేదు. "కోటు ఏం చేసినారప్పా?" అని అడిగాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "దాని కత శానా ఉండాది సారూ, రాండి, కాఫీ తాగుతా చెప్తా" అన్నాడు.

అతను చెప్పింది చివర్లో చెబుతాను. ముందు ఆ కోటు సంగతీ, దాన్ని తొడుక్కున్న మనిషి సంగతీ చెప్పకపోతే ఎవరికీ అర్థం కాదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులన్నీ డేరాల్లో నడిచేవి. ఊళ్లో గొడ్ల కొట్టం కూడా అద్దెకు దొరికేది కాదు. నేనప్పుడు ఒక హైస్కూల్లో టీచర్ని. నెల రోజులు కాళ్లరిగేలా తిరిగి, తుంగభద్ర గట్టు దగ్గర ఓడాయన ఇంటి ముందు గది సంపాదించాను. గది దొరికిందని సంబరపడ్డాను. గదితోపాటు ఆ మనిషి కూడా దొరికాడని మొదటి సాయంత్రమే తెలిసింది.

ఏడు గంటలకు లోపల గంట మోగింది. దీపం పెట్టారేమో అనుకుని తొంగి చూశాను. నడవలో ఒక బల్ల. బల్ల మీద తెల్లపంచె పరిచి, ఒక పళ్లెం, ఒక చెంచా, ఒక ముళ్ల చెంచా పెట్టి ఉన్నాయి. బల్ల వెనక ఓడాయన నిలబడి ఉన్నాడు. భారీ మనిషి. నల్లకోటు, దానికి వెనక మోకాళ్లదాకా వేలాడే రెండు తోకలు, అట్టలా బిగిసిన తెల్ల కాలరు, గొంతు కింద నల్ల ముడి. అవి వైశాఖ మాసం ఎండలు. పగలంతా కాగిన మిద్దె ఇల్లు. నేను బనీను కూడా భరించలేక వాకిట్లో నీళ్లు చల్లుకుని కూర్చున్నవాణ్ణి. ఆయన చెవుల వెనక నుంచి చెమట ధారగా కారుతోంది. భార్య పక్కన నిలబడి విసనకర్రతో విసురుతోంది. ఇల్లంతా కలరా ఉండల వాసన.

పళ్లెంలోకి జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి వచ్చాయి. ఆరిన జొన్నరొట్టెను ముళ్ల చెంచాతో పొడిస్తే ఏమవుతుందో మా సీమలో పసిపిల్లలకు కూడా తెలుసు. అది పుటుక్కున విరిగి, ముక్క బల్ల కిందికి పోయింది. ఓడాయన వంగలేదు. తోకల కోటు తొడుక్కున్నవాడు వంగకూడదట. ఆమె వంగి తీసింది. అలా ఆ పూట ఆమె నాలుగుసార్లు వంగడం చూశాను. ఆయన తిన్నదానికన్నా కింద పడ్డదే ఎక్కువ. అది ఒకనాటి వేషం కాదు. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ప్రతి సాయంత్రం అదే తంతు. ఆ కాలరును ఆమె గంజిలో ముంచి, రాగి చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసేది. ఆమె కట్టుకున్న చీరకు ఇస్త్రీ ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

ఓడాయన అన్న పేరు నేను పెట్టింది కాదు, వీధి పెట్టింది. వయసులో ఉండగా బారిష్టరు చదువుకని ఓడెక్కి లండను పోయాడు. రెండేళ్లకు ఏ చదువూ లేకుండా దిగాడు. అక్కడ ఏం చూశాడో, ఏం చేశాడో, ఆ ఊళ్లో వాన పడుతుందో లేదో కూడా ఆయన నోట ఎవరూ వినలేదు. చెప్పేదంతా ఓడ గురించే. ఓడ గురించి కూడా కాదు, ఓడలో సాయంత్రం భోజనానికి మగవాళ్లు ఏం తొడుక్కోవాలన్న దాని గురించే. పద్దెనిమిది రోజుల ప్రయాణాన్ని పాతికేళ్లు అరగదీసిన మనిషి ఆయన.

"పొద్దు గుంకేదాకా నువ్వేం తొడుక్కున్నా అడిగేటోడు ల్యాడప్పా. గుంకినాక నువ్వు తొడుక్కునిందే నువ్వు" అనేవాడు. "సూయజు కాలవ దాటేదాకా తెల్లకోటు. దాటినాక నల్లకోటు. రెండిటికీ నడుమ ఏమీ ల్యా." పాలు పోయడానికి వచ్చిన మనిషిని కూడా నిలబెట్టి ఇది చెప్పేవాడు. ఆ పాలాయన చెంబు చేత్తో పట్టుకుని, కోడుమూరు కూడా దాటనివాడు, సూయజు గురించి తలాడించి పోయేవాడు.

ఇంకొక సూత్రం ఉండేది. "ఎక్కిన రాత్రి లెక్కల్యా. పెట్టెలు విప్పింటారా, పాడా? ఎవురెట్ల పోయినా పలుకరు. రెండో రాత్రి. అదీ అసలు రాత్రి." ఈ మాట దగ్గర ఆయన గొంతు తగ్గేది, చెయ్యి మెడ కింది ముడి మీదికి పోయేది. అదేదో గొప్ప జ్ఞాపకం కాబోలనుకునేవాణ్ణి.

రాజధాని వచ్చినందుకు ఆయన పొంగిపోయాడు. ఇన్నాళ్లకు మనుషులు వచ్చారు అన్నాడు. అదివరకు ఊళ్లో ఉన్నవాళ్లం ఏమిటో నేను అడగలేదు. ఒకసారి ఎవరినో పట్టుకుని, డేరాల దగ్గర జరిగే ఒక విందుకు పిలుపు సంపాదించాడు. నేనూ వెంట వెళ్లాను. పెద్ద పెద్ద అధికారులు ఖద్దరు పంచెలతో కింద బారులు తీరి కూర్చుని విస్తళ్లలో తింటున్నారు. ఓడాయన డేరా ద్వారం దగ్గర తోకలు సర్దుకుని నిలబడ్డాడు. వడ్డన పెత్తనం చేసే కుర్రవాడు పరుగున వచ్చి, "మీరు వెనక డేరాకు పోండి. బ్యాండు వాళ్లందరికీ అక్కడే" అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాను. ఓడాయన వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టాడు. గుమ్మం ఎక్కాక అన్నాడు: "ఆ డేరాలో బట్టలు తొడుక్కున్యోణ్ణి నేనొక్కణ్ణేనప్పా."

ఇంతవరకే అయితే ఆయన్ను నవ్వుకుని మరిచిపోయేవాణ్ణి. దేవదానం సంగతి తర్వాత నవ్వు రాలేదు.

దేవదానం మా స్కూల్లోనే లెక్కల టీచరు. సన్నగా రివటలా ఉండేవాడు. కోడుమూరు పక్కన ఒక పల్లె వాళ్లది. తండ్రి అక్కడి చర్చిలో ఉపదేశి. పాదిరిగారు ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే ఆ పల్లెల్లో ప్రార్థనకూ పెళ్లికీ సమాధికీ నిలబడి వాక్యం చెప్పేది ఆయనే. ఆయనకొక నల్లటి పొడుగు కోటు ఉండేది. వాళ్ల తాతకు ఎవరో తెల్ల పాదిరి ఇచ్చిపోయిన కోటట. చుట్టుపక్కల నాలుగు పల్లెల్లో ఆ కోటు వచ్చి నిలబడితేనే పెళ్లి అయినట్టు లెక్క. పిల్ల తరఫువాళ్లు దండల గురించీ ఉంగరం గురించీ తర్వాత మాట్లాడుకునేవాళ్లు. ముందు అడిగేది, "కోటు వస్తాండాదా?" అని.

దేవదానానికి మిషను వాళ్లు ఇంగ్లండులో రెండేళ్ల చదువుకు ఏర్పాటు చేశారు. బొంబాయిలో ఓడెక్కాలి. ఓడలో ఎలా నడుచుకోవాలో, ఏం తొడుక్కోవాలో తెలియక దిగులుపడుతున్నాడు. మా ఇంటాయన ఉన్నాడుగా అని నేనే తీసుకుపోయాను. ఆ పాపం నాది.

ఓడాయన అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. నాకు పక్కన చాప వేయించాడు. దేవదానాన్ని మెట్టు కిందే నిలబెట్టాడు. భోజనాల బల్ల దగ్గర ఏ చెంచా ముందు, ఏది తర్వాత అని పాఠం మొదలుపెట్టాడు. కింద నేల మీద చేతికర్రతో పళ్లెం బొమ్మ గీశాడు, చుట్టూ చెంచాల బొమ్మలు గీశాడు. పదడుగుల దూరంలో లోపల అసలు బల్ల ఉంది, అసలు చెంచాలు ఉన్నాయి. దేవదానం వంగి ఆ మట్టిలో గీతలు చూసి నేర్చుకున్నాడు. ఆయన భార్య రెండు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చింది. ఓడాయన ఆమెవైపు ఒక చూపు చూశాడు. ఆమె ఒక గ్లాసు నా ముందు పెట్టి, రెండోది వెనక్కి తీసుకుపోయింది. నేను తాగాను. అది కూడా ఇక్కడ చెప్పాలి గనుక చెబుతున్నాను.

"డిన్నరు కోటు ల్యాకుండా తలుపు కాడికి పోయినావంటే లోపలికి రానియ్యరు. తెలిసిందా? పద్దెనిమిది దినాలు. ఏం తింటావు?" అన్నాడు ఓడాయన.

దేవదానం మొహం పాలిపోయింది. ఊరికి పోయి తండ్రికి చెప్పాడు. ఆ శనివారం ఉపదేశే కోటును మూటగట్టి తెచ్చాడు. మంచి ఎత్తరి, కండగల మనిషి. మెట్టు కింద నిలబడి కోటు విప్పి చూపించాడు. ఓడాయన కుర్చీలోంచి లేవకుండా చేతికర్ర కొనతో దాని అంచు పైకెత్తాడు.

"గుడ్డ మంచిదే. కోటు మాత్రం పాదిరి కోటు. మోకాళ్లు దాటుతాండాది. ఇట్లా పొడుగులు, తోకలు ఫస్టు క్లాసోళ్లకు, నా అసుమంటోళ్లకు. మీ వానికి పొట్టిది శాలు. నడుము కింద కోసెయ్యమను. వాని ఒంటికి బిగిచ్చి కుట్టమను."

కోటును దర్జీ దగ్గరికి తీసుకుపోయాం. దర్జీ మంచి పనివాడు, ఖాదర్ అని పేరు. కత్తెర చేతికి తీసుకుని మళ్లీ కింద పెట్టాడు. "పెద్దాయనా, ఇది కోస్తే మళ్ల అతకదు. ఇంగొకసారి అనుకో" అన్నాడు.

"కొయ్యి నాయనా" అన్నాడు ఉపదేశి. "నా కొడుకు సముద్రం మీద పస్తు పండుకోవల్నా?"

కోసిన ముక్కలను ఆయన పారేయనివ్వలేదు. మడిచి సంచిలో పెట్టుకుని ఊరికి తీసుకుపోయాడు.

నెలన్నరకు దేవదానం దగ్గర నుంచి జాబు వచ్చింది. "రెండో రాత్రి కోటు తొడుక్కుని, ముడి కట్టుకుని భోజనానికి వెళ్లాను. మా తరగతిలో అందరూ మామూలు చొక్కాలతోనే ఉన్నారు. నల్లకోటుతో ఉన్నది ఇద్దరమే, నేనూ, వడ్డన చూసే పెద్దాయనా. ఒక ముసలామె నన్ను పిలిచి ఇంకొంచెం సూపు తెమ్మంది. ఏమనాలో తెలియక తెచ్చి ఇచ్చాను. మరునాటి నుంచి చొక్కాతోనే వెళ్తున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. కోటు పెట్టెలో ఉంది. నాయనకు చెప్పవద్దు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ జాబు ఓడాయన ముందు పెట్టి చదివాను. ఆయన సాంతం విన్నాడు.

"టూరిస్టు క్లాసా! అది ఓడ కాదప్పా, సంత" అన్నాడు. వేళయిందని తొడుక్కోవడానికి లోపలికి పోయాడు. కాసేపటికి గంట మోగింది.

మర్నాడు పొద్దున ఆయన భార్య పెరట్లో కాలరు ఉతుకుతోంది. నాతో రెండు మాటలకు మించి ఎప్పుడూ మాట్లాడని మనిషి, ఆ రోజు తనే పిలిచింది.

"నాయనా, ఆ పిల్లోడు అన్నం తింటాండాడా?"

"తింటున్నాడమ్మా. కోటు అక్కర్లేదట."

ఆమె కాలరును పిండింది. "ఈయనకేం తెలుసు నాయనా? ఈయన యాడ తిన్యాడు ఆడ? ఎక్కిన రాత్రి అందరితో పాటు పోయి తిన్యాడంట. రెండో రాత్రి మామూలు కోటుతో పోతే తలుపు కాడ ఎవుడో చెయ్యి అడ్డం పెట్టినాడంట. ఎనక్కొచ్చి, మా అత్త కట్టిచ్చిన చెనిక్కాయ ఉంటలు తింటా గదిలోనే పడున్యాడంట, ఆ దేశం చేరేదాకా. మళ్లా ఒక్క పూట పోలేదు."

"తిరిగొచ్చేటప్పుడు కోటు ఉంది కదమ్మా?"

"ఉండాది. ఆ దేశంలోనే కుట్టిచ్చుకున్యాడు. ఓడెక్కినాడు, కడుపులో తిప్పింది. బొంబాయి వచ్చేదాకా మంచం మింద నుంచి తల ఎత్తలేదంట. ఆ కోటు పెట్టెలో నుంచి బయటికి తీసింది ఈ ఇంట్లోనే."

ఇది విన్నాక ఆయన మీద జాలి కలగాలని ఎవరైనా అంటారేమో. నాకు కలగలేదు. అంతకు ముందు ఆయన నాకు హాస్యగాడు, ఆ పొద్దు నుంచి నీచుడయ్యాడు. తలుపు దగ్గర చెయ్యి అడ్డం పెట్టినవాడి మీద ఆయనకు పాతికేళ్లలో ఒక్కసారి కూడా కోపం రాలేదు. వాడి పక్కనే చోటు చూసుకుని, తానూ చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. తన ఆకలి గుర్తున్న మనిషి, ఇంకొకడికి ఆ ఆకలి చూపించి భయపెట్టాడు. అది తెలియక చేసిన పని కాదు.

దేవదానం చెప్పవద్దన్నది నేను చెప్పలేదు. అయినా కోటు లేకపోయేసరికి పల్లెలో జరిగేది జరిగింది. ఉపదేశి పుస్తకాల కోసం కర్నూలు వచ్చి నా దగ్గర కూర్చుని నవ్వుతూనే చెప్పాడు. "మా ఊరి పెండ్లికి పక్కూరి ఉపదేశిని పిలుచుకున్యారు సార్. ఆయప్పకు కోటుండాది. నన్నేమీ అన్లేదు. మర్యాదగానే పిలిచినారు, పోయి బువ్వ తినొచ్చినా." ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి అన్ని పెళ్లిళ్లూ అలాగే పోయాయి. చొక్కాతో నిలబడి చెప్పిన వాక్యానికి బలం ఉండదని పెద్దలు తేల్చారు. సమాధులు మాత్రం ఆయనకు మిగిలాయి. చచ్చినవాళ్లు కోటు అడగరు గదా.

రాజధాని హైదరాబాదుకు పోయింది. డేరాలు లేచిపోయాయి. "ఇంగ ఈ ఊర్లో ఎవురి ముందర తొడుక్కోవల్ల?" అని ఓడాయన వేంపల్లెకు మకాం ఎత్తాడు. సామాను బండికెక్కిస్తుంటే ఆయన భార్య నన్ను అడిగింది, "ఆ ఉపదేశి కోటు సంగతి ఏమాయ నాయనా?" అని. పెళ్లిళ్ల సంగతి చెప్పాను. ఓడాయన పక్కనే ఉన్నాడు. విననట్టు ఎద్దుల కొమ్ములవైపు చూస్తూ నిలబడ్డాడు. నేను ఆయనకు దండం పెట్టలేదు.

దేవదానం చదువు ముగించుకుని వచ్చాడు. కోటు తెచ్చాడు గానీ, రివటలాంటి కొడుక్కని కోసి కుట్టిన కోట్లో తండ్రి చెయ్యి కూడా పట్టలేదు. తర్వాత దేవదానానికే పెళ్లి కుదిరింది. పిల్ల తరఫు పెద్దలు మొహమాటపడుతూనే చెప్పారు, వాక్యానికి పక్కూరి ఉపదేశి నిలబడతాడని. నాకు పిలుపు ఇవ్వడానికి వచ్చిన రోజు ఉపదేశి అన్నాడు: "ఈ చేతుల్తో ఎంతమందికి చేసింటా సార్. నా కొడుక్కు చెయ్యలేకపోతి. ముందు వరసలో కూచుంటాలే. అదీ బాగుంటాది గదా?" నేను బాగుంటుందన్నాను. ఆయన వెళ్లాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. ఆయన్ను ఆ మెట్టు కిందికి రప్పించింది నేనే.

ఆ పెళ్లి ఇంకా వారం ఉందనగా ఓడాయన తమ్ముడి కొడుకు బస్టాండులో కనబడ్డాడు. కాఫీ తాగుతూ చెప్పింది ఇదీ:

"మంచాన పడినప్పటి సంది మా పెదనాయనది ఒకటే మాట సారూ. 'నన్ను ఆ కోటుతోనే పంపియ్యండి' అని. పెద్దమ్మ సరే సరే అని తలకాయ ఊపింది. తీరా పోయినాక పెట్టెకు తాళం ఏసి, బీగంచెవి నడుముకు చెక్కుకుంది. కొత్తపంచె కప్పి పంపిచ్చింది. పెద్దోళ్లు ఎంతమంది చెప్పినా ఇయ్యలే."

"ఎందుకని?"

"'అది ఈయనది కాదు' అనింది. అంతే. దినాలు అయితానే కోటు మూటగట్టుకోని ఒక్కతే కోడుమూరు బస్సెక్కింది. ఆడ యాదో పల్లెలో ఒక ఉపదేశికి ఇచ్చొచ్చింది. ఇచ్చొస్తే ఇచ్చొచ్చింది, పోనీ. వాళ్లింట్లో, వాళ్ల పక్కన కింద కూచోని బువ్వ తినొచ్చింది సారూ! వేంపల్లెలో తల ఎత్తుకోలేకపోతాండాం."

నేను అతనికి ఇంకో కాఫీ చెప్పాను.

నిన్న ఆదివారం దేవదానం పెళ్లికి వెళ్లాను. పక్కూరి ఉపదేశి ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. వాక్యం దగ్గర నిలబడింది దేవదానం తండ్రి. తోకల కోటు ఆయన భుజాలకు కుట్టించినట్టు సరిపోయింది. కాలరు లేదు, ముడి లేదు, కింద తెల్లపంచె. కోటు అంచుల్లో పట్టు మెరుస్తుంటే ముసలివాళ్లు చేత్తో తడిమి చూశారు. "పాతదాని కన్నా ఇదే మేలప్పా, ఎనక రెండుండాయి" అన్నాడు ఒక పెద్దాయన. ఉపదేశి వాక్యం చెబుతూ మధ్యలో రెండుసార్లు ఆగాడు. కొడుకు తల మీద చెయ్యి పెట్టి దీవించాడు.

పెళ్లి అయ్యేసరికి సాయంత్రమైంది. చర్చి ముందు నేల మీద బారులు వేశారు. ఉపదేశి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వాళ్లావిడ వచ్చి, మట్టి అంటకుండా ఆ రెండు తోకలూ ఎత్తి ఆయన ఒళ్లో పెట్టి వెళ్లింది. ఆయన విస్తరి మీదికి వంగి, పులుసు కలుపుకుని, పెద్ద పెద్ద ముద్దలు తిన్నాడు. ముంజేతిదాకా కారిన పులుసు కోటు చేతి అంచుకు అంటింది. ఎవరూ పట్టించుకోలేదు. దేవదానం పెళ్లిబట్టలతోనే వచ్చి నాకు మజ్జిగ పోశాడు, పక్కనే కూర్చుని తనూ పోసుకున్నాడు. అప్పుడే పొద్దు గుంకింది. ఆ కోటు నలుగురితో కలిసి భోజనానికి కూర్చోవడం అదే మొదటిసారి.